ట్రామ్ స్టాపు దాకా నడిచిన హాలు

పిల్లలూ, మీ సైకిళ్లు బయటికి తీసే ముందు నేను బ్రేకులు నొక్కి చూస్తానని మీకు విసుగు. ఈ కథలో సైకిళ్ల చక్రాలు నేలను తాకవు. పడిపోతారన్న బెంగ లేదు కాబట్టి నిశ్చింతగా చెబుతాను. మీరు పెరుగుతున్న ఈ ఊళ్లో దీన్ని మీకు చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు. అందుకే నాకు తెలిసింది ఉన్నదున్నట్టు చెబుతాను, తెలియనిది తెలియదనే అంటాను.

అలెగ్జాండ్రియాలో సముద్రానికీ ట్రామ్ పట్టాలకూ మధ్య ఒక పొడుగాటి సందు ఉంది. ఆ సందులో ఒక వ్యాయామం హాలు. పొద్దున ఆడవాళ్లు, సాయంత్రం మగవాళ్లు వచ్చి కదలని సైకిళ్ల మీద కూర్చుని ఒళ్లు అలిసేదాకా తొక్కేవాళ్లు. గోడ మీద ఒక బోర్డు ఉండేది. ఏ సైకిలు పెడల్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో ఎర్రటి అంకెల్లో చూపించేది. కాప్టెన్ నివీన్ ఆ అంకెల మీంచి చూపు తిప్పేది కాదు. ఆ ఊళ్లో వ్యాయామం నేర్పే ప్రతివాళ్లూ కాప్టెనే.

"నాలుగో నంబరు, తగ్గు! నీ వెనక పోలీసులేం పడలేదు. ఎడం వరుస, ఎనభై! అందరూ ఎనభై!"

అంత పట్టింపు ఎందుకంటే, అందరూ కలిసి తొక్కితే హాలు కదిలేది. పొద్దున సైకిళ్లన్నీ సముద్రం వైపు తిరిగి ఉండేవి కాబట్టి హాలు ఒక జానెడు సముద్రం వైపు జరిగేది. సాయంత్రం మగవాళ్లు సైకిళ్లను ట్రామ్ వైపు తిప్పుకుని తొక్కితే ఆ జానెడూ వెనక్కి వచ్చేది. కరెంటు తీగనూ నీళ్ల గొట్టాన్నీ కాస్త వదులుగా పెట్టుకున్నారు. పక్కనున్న కాఫీకొట్టాయన పొద్దున్నే లేచి కుర్చీలు లోపలికి లాక్కునేవాడు. రెండు వరుసల వేగం ఒక్కటిగా ఉన్నంతకాలం ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

చలికాలం మొదట్లో దౌలత్ వచ్చింది. ట్రామ్‌లో కండక్టరు. వాన పడిన ఒక పొద్దున మెట్టు మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చూస్తే కాలు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. రోజూ తొక్కితేనే మోకాలు వంగుతుందన్నారు డాక్టరు. ట్రామ్ ఇన్‌స్పెక్టర్ లబీబ్ గారు చలికాలం ముగిసేదాకా గడువు ఇచ్చారు. ఆలోగా నడుస్తున్న ట్రామ్‌లో, భుజాన సంచీతో, కమ్మీ పట్టుకోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి చూపించాలి. రెండుసార్లు ప్రయత్నించనిస్తారు. చేతకాకపోతే స్టేషన్‌లో టికెట్ల కిటికీ వెనక కుర్చీ.

"కుర్చీకేమొచ్చింది? కూర్చుని తినొచ్చుగా!" అంది సుహైర్. చేపల దుకాణదారు భార్య ఆమె. హాల్లో అందరికంటే వేగంగా తొక్కేది, తొక్కుతూనే మాట్లాడేది.

"ఆ కిటికీలోంచి మనుషుల చేతులే కనిపిస్తాయమ్మా," అంది దౌలత్. "నాకు ముఖాలు కావాలి. ఎవరికి పెళ్లి కుదిరిందో, ఎవరు ఏడ్చి వచ్చారో టికెట్ చింపేటప్పుడు నాకే ముందు తెలుస్తుంది. అది లేకపోతే నేనేం చేయను?"

ఆమెకు ఆటల బూట్లు లేవు. ట్రామ్ వాళ్లిచ్చిన నల్ల బూట్లతోనే ఎడం వరుసలో కూర్చుంది. ఆ బూట్లకు మడమ దగ్గర పసుపుపచ్చ గీత ఉంటుంది. పళ్లు బిగబట్టి తొక్కినా బోర్డు మీద ఆమె అంకె యాభై దాటలేదు.

ఎడం వరుస నెమ్మదించేసరికి హాలు ఎడమకు తిరగడం మొదలుపెట్టింది. కాప్టెన్ ఎంత అరిచినా ప్రయోజనం లేదు. వారం తిరిగేలోపు హాలు తలుపు సరిగ్గా కాఫీకొట్టులోకి తెరుచుకుంది. చెమటతో తడిసిన ఆడవాళ్లంతా హుక్కా పొగలోంచి, పాచికలాట బల్లల మధ్యనుంచి నడిచి ఇళ్లకు వెళ్లాల్సి వచ్చింది. ఆడుతున్న పెద్దమనుషులు సిగ్గుతో పేపర్లు అడ్డం పెట్టుకున్నారు.

"మొహం ఎందుకు దాచుకుంటావ్?" అంది సుహైర్ వాళ్లలో ఒకాయనతో. "మీ ఆవిడ నా వెనకే వస్తోంది. ఈ వేళప్పుడు నువ్వు ఆఫీసులో ఉన్నావనుకుంటోంది పాపం."

ఆ సాయంత్రమే కాఫీకొట్టాయన కాప్టెన్ నివీన్ దగ్గరికి ఫిర్యాదు చేయడానికి వచ్చాడు. మర్నాడు కాప్టెన్ దౌలత్‌ను పక్కకు పిలిచింది.

"అక్కా, కోపం తెచ్చుకోకు. కాలు కాస్త బాగుపడ్డాక రా. నీకోసం సైకిలు అట్టే పెడతాను."

"తొక్కకుండా కాలెలా బాగుపడుతుంది, కాప్టెన్?"

కాప్టెన్ బోర్డు వైపు చూసింది. దౌలత్ తువ్వాలు మడిచి సంచీలో పెట్టుకోసాగింది.

"ఆగవే తల్లీ," అంది సుహైర్. వెళ్లి కుడి వరుసలో, దౌలత్ సైకిలుకు సరిగ్గా జోడీగా ఉన్న దాని మీద కూర్చుంది. "నాక్కూడా మోకాలు నొప్పిగానే ఉంది."

"నీకా? నిన్నగాక మొన్న నూటపది తొక్కావు!" అంది కాప్టెన్.

"అందుకే నొప్పి. కాప్టెన్, నేను ఇవాళ నలభై మాత్రమే తొక్కుతాను. ఎవరూ నన్ను తొందరపెట్టకండి."

నలభై తొక్కడం సుహైర్‌కు నూటపది కంటే కష్టం. కాళ్లు పరుగెత్తబోతుంటే తొడలు గిల్లుకుంటూ ఆపుకుంది. కుడి వరుస బరువెక్కి, హాలు నెమ్మదిగా తిరిగి దారికి వచ్చింది. తలుపు మళ్లీ తన పాత మెట్టు ముందు నిలిచాక సుహైర్ యాభైకి పెంచింది. మిగతావాళ్లు కూడా ఎవరూ చెప్పకుండానే తగ్గారు. అందరూ ఒకే వేగంతో తొక్కుతుంటే బాగుందన్నారు, అంతే. కాప్టెన్ బోర్డు మీద ఎర్రటి యాభైలను చూసి పెదవి కొరుక్కుంది కానీ, "ఎడం వరుస బాగుంది. కుడి వరుసా బాగుంది," అంది.

అయితే సాయంత్రం మగవాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఎనభై తొక్కుతున్నారు. పొద్దున హాలు ముందుకు వెళ్లేది తక్కువ, సాయంత్రం వెనక్కి వచ్చేది ఎక్కువ. రోజూ కొంత తేడా. కాఫీకొట్టు వెనకపడింది, తర్వాత ఇస్త్రీ కొట్టు, తర్వాత బేకరీ. తీగకు తీగ అతికించారు. చలికాలం సగమయ్యేసరికి హాలు వెనక గోడ ట్రామ్ స్టాపుకు ఆనుకుంది.

"మగవాళ్లను కాస్త నెమ్మదిగా తొక్కమనండి," అంది కాప్టెన్ నివీన్, సాయంత్రం మగవాళ్లకు నేర్పే కాప్టెన్‌తో.

"ఆడవాళ్ల కంటే నెమ్మదిగానా? మా వాళ్లకు ఆ మాట మీరే చెప్పండి. నాకు పెళ్లాం పిల్లలు ఉన్నారు," అన్నాడాయన.

హాలు వెనక గోడకు ఒక వెడల్పాటి అద్దాల కిటికీ ఉంది. బయటివాళ్లకు ఏమీ కనిపించకూడదని దానికి తెల్లరంగు వేశారు. కానీ లోపలికి వెలుతురు రావాలని అడుగున మూరెడు వదిలేశారు. స్టాపులో నిలబడితే ఆ మూరెడులో పెడల్స్ మీద తిరిగే పాదాలు మాత్రమే కనిపించేవి. ఇది లోపలివాళ్లు ఎవరూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే నేనైతే మొదటిరోజే ఆ మూరెడుకూ రంగు వేయించి ఉండేదాన్ని. వేయించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆ వారంలోనే ఒక పొద్దున గాలివాన వచ్చింది. సముద్రం రోడ్డెక్కింది. కరెంటు పోయి బోర్డు నల్లబడింది. కాప్టెన్ నివీన్ వరుసల మధ్యకు పరుగెత్తింది.

"ఆపండి! అంకెలు లేకుండా తొక్కితే ఎటు పోతామో తెలియదు. పట్టాల మీదికి తిరిగామంటే..."

"ష్," అంది దౌలత్. "వినండి."

వెనక గోడ అవతల నుంచి సన్నని చప్పుడు. టిక్, టిక్, టిక్. వాన చినుకులు రేకు మీద పడుతున్నాయేమో అనుకున్నారు. కానీ చినుకులు అంత నిలకడగా పడవు. దౌలత్ కళ్లు మూసుకుని ఆ చప్పుడుకు కాళ్లు కలిపింది. సుహైర్ ఆమెను చూసి కలిపింది. ఒకరి తర్వాత ఒకరు అందరూ కలిపారు. చీకట్లో చక్రాల హోరు ఒక్కటైంది. అంతసేపూ కాప్టెన్ పళ్లెం నిండా నీళ్లు మోస్తున్నదానిలా రెండు చేతులూ చాచి నిలబడింది.

అయిపోయాక ఆమే తలుపు తీసింది. గడప సందుకు సమంగా, వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. కరెంటు వచ్చాక బోర్డు సైకిళ్లలో నిలిచిపోయిన చివరి అంకెలు చూపించింది. రెండు వరుసల్లోనూ ఎనభై. దౌలత్‌ది కూడా.

"నా నొప్పి కూడా పోయిందోచ్!" అని అరిచింది సుహైర్.

ఆ రోజు నుంచి హాలు పొద్దున ఎంత ముందుకు పోతే సాయంత్రం అంతే వెనక్కి వచ్చి, స్టాపు దగ్గరే ఉండిపోయింది.

పరీక్ష రోజున దౌలత్ సంచీ భుజాన వేసుకుని ట్రామ్ ఎక్కింది. లబీబ్ గారు వెనక చివర నిలబడి ఉన్నారు. ముసలాయన, మీసాలు తెల్లగా, కోటు గుండీలన్నీ పెట్టుకుని. సొంత మేనల్లుడినే ఇదే పరీక్షలో ఇంటికి పంపిన మనిషి. ట్రామ్ కదిలింది. దౌలత్ సగం దాకా బాగానే నడిచింది. మలుపు దగ్గర ట్రామ్ పెట్టె ఒరిగింది. జారిపడిన ఆ పొద్దున గుర్తొచ్చి చేయి దానంతటదే కమ్మీని పట్టేసుకుంది.

"ఒకసారి అయింది," అన్నారు లబీబ్ గారు. "మొదట్నుంచి."

ఆమె మొదలుపెట్టిన చోటికి వెళ్లి నిలబడింది. కాలిలో బలముంది, గుండెలో లేదు. ట్రామ్ మరో మలుపు వైపు వెళ్తోంది.

అప్పుడు లబీబ్ గారు తన వెండి ఉంగరంతో ఇనుప కమ్మీ మీద కొట్టడం మొదలుపెట్టారు. ఆమె వైపు చూడలేదు. చేతిగడియారం చూసుకుంటున్నారు.

టిక్, టిక్, టిక్.

దౌలత్ పాదాలకు ఆ చప్పుడు తెలుసు. అవి ఆమెను అడగకుండానే కదిలాయి. మలుపు వచ్చింది, పెట్టె ఒరిగింది, సంచీ ఊగింది. రెండు చేతులూ గాలిలో ఉండగానే ఆమె ఆ చివరకు చేరింది.

"ఉస్తాజ్ లబీబ్ గారూ," అంది రొప్పుతూ. "ఆ స్టాపులో..."

"ట్రామ్‌ల వేళలు చూడటం నా పని, దౌలత్ గారూ. రోజూ అక్కడే నిలబడతాను," అన్నారాయన. "తెల్లరంగు కింద చాలా పాదాలు తిరుగుతుంటాయి. ఎవరివో నాకు తెలియదు, చూడను కూడా. కానీ మడమ మీద పసుపుపచ్చ గీత మా శాఖ సొత్తు. అది నెమ్మదిస్తే నాకు ఓర్పు ఉండదు." గొంతు సవరించుకున్నారు. "టికెట్లు ఇవ్వడం మొదలుపెట్టండి. జనం చూస్తున్నారు."

ఆమె తిరిగి చూసింది. ట్రామ్ నిండా ముఖాలు.

హాలు ఇంకా అక్కడే ఉందని విన్నాను. ట్రామ్ కోసం నిలబడినవాళ్లు దాని గోడకు ఆనుకుంటారట. ఆ మూరెడు అద్దానికి ఇప్పటికీ ఎవరూ రంగు వేయలేదట.

పిల్లలూ, రేపు మీ పిల్లలకు ఇది చెప్పండి. ఊరి పేరు మర్చిపోయినా ఫరవాలేదు. కానీ సుహైర్ నలభై తొక్కిన సంగతి వదిలేయకండి, బూట్ల మీద గీత రంగు మార్చకండి. ఉంగరం చప్పుడు దగ్గరికి వచ్చాక బల్ల మీద వేలితో కొట్టి వినిపించండి. తొందరపడకుండా, నిలకడగా.

సైకిలు తీసే ముందు బ్రేకులు చూసుకోండి.