తండ్రి నోట రావలసిన పేరు

పొయ్యి దగ్గరికి జరగండర్రా, పొగ అవతలికి పోతోంది. నెనూకాసీ చివరి రోజు సంగతి చెబుతాను.

ఆ మధ్యాహ్నం సరస్సు ఒడ్డున, తోలు పరిచిన గుంటలో నెనూకాసీ వేయించిన నీటివడ్లు తొక్కుతున్నారు. రెండు పక్కలా గుంజలు పట్టుకుని, పిట్టలా తేలిగ్గా. బరువు మోపితే గింజ విరుగుతుంది, ఊక మాత్రమే రాలాలి. ఎండిన ఒళ్లు, గళ్ల పావడా, దాని కింద మగవాళ్ల మేజోళ్లు. దగ్గు తెర వచ్చినప్పుడల్లా గుంజకు నుదురు ఆనించి ఆగుతున్నారు. మా భాషలో అతనని, ఆమెని వేరే మాటల్లేవు, ఎవరైనా 'వీన్' అనే. ఆడా మగా రెండు ఆత్మలున్న మనిషని, పసిపిల్లలకు పేరు పెట్టే పని పెద్దలు తనకే అప్పగించారు.

జోజెత్ మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. వెనకే కొడుకు లూయీ, చర్చి బడిలో పెరిగినవాడు.

"వీడు పాలు తాగడం లేదక్కా. పేరు లేని బిడ్డని పైనున్న పెద్దలెలా గుర్తుపడతారు?"

"ఆడో మగో తేలని మనిషా నా కొడుక్కి పేరు పెట్టేది?" అన్నాడు లూయీ.

"నువ్వు పుట్టినప్పుడూ తేలలేదురా. మీ అమ్మ గుడ్డ తీసి చూసి చెప్పింది," అన్నారు నెనూకాసీ.

జోజెత్ నవ్వలేదు. "పొగాకు ఇచ్చి అడగరా. అడక్కుండా పెట్టరు."

లూయీ జేబులోని సిగరెట్ పెట్టె గుంట గట్టు మీదికి విసిరాడు. నెనూకాసీ ఒకటి తీసి, కాగితం చీల్చి, పొగాకును వడ్లు వేయించిన నిప్పులో వేశారు. బిడ్డనెత్తుకుని తూర్పుకు తిరిగి, "బిదాబన్" అన్నారు. తెల్లవారుతోందని అర్థం. జోజెత్ తిరిగి పలికింది. లూయీ పలకలేదు. పేరు నాలుగు దిక్కులకూ చెప్పాలి, చెప్పినప్పుడల్లా అయినవాళ్లు తిరిగి పలకాలి; తండ్రి నోట రాని పేరు బిడ్డకు అంటదు.

దక్షిణం. లూయీ దవడ బిగించాడు. పడమర. బిడ్డ ఏడుపు పిల్లికూన అరుపు కన్నా సన్నబడింది. జోజెత్ గోళ్లు కొడుకు మణికట్టులో దిగాయి.

ఉత్తరమే మిగిలింది. పేరు చెప్పి, దగ్గు మింగి, నెనూకాసీ కదలకుండా నిలబడ్డారు. లూయీ పలికేదాకా ఆ దిక్కు వదల్లేదు.

"బిదాబన్," అన్నాడు లూయీ, నేలచూపులు చూస్తూ. తర్వాత మెల్లగా, "సరిగ్గా పలికానా, పెద్దమ్మా?"

"బడి యాస పోలేదు. అయినా బిడ్డకి వినబడిందిలే."

బిడ్డను తండ్రికిచ్చి, నెనూకాసీ గుంజకు ఆనుకుని కూర్చున్నారు. వాడు తండ్రి చొక్కాలో పాలకోసం నోటితో వెతుకుతున్నాడు. "చూడక్కా, ఆకలేసింది వీడికి," అంటూ జోజెత్ తిరిగి చూసేసరికి, నెనూకాసీ గుండెల్లో ఊపిరి లేదు.

మీ ఇళ్లల్లో పేరు పెట్టే రోజున దీన్ని గుర్తుంచుకుని చెప్పండి. ఎవరు పెట్టారో కూడా చెప్పండి. ఆ సిగరెట్ పెట్టె మాత్రం ఎవరూ ముట్టక, మూత తెరుచుకుని, గాలికి లేచిన ఊక లోపల పడుతూ గట్టు మీదే ఉండిపోయింది.