రైబోజోము వేషం

ఇల్లందు దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న జూనియర్ కాలేజీలో నేను బోటనీ లెక్చరర్‌గా చేరింది ఎనభై అయిదులో. మాది మధిర. ఎమ్మెస్సీలో ఫస్టు క్లాసు. పాఠం చెప్పడంలో నా అంతటివాళ్లు జిల్లాలోనే లేరని నాకొక నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ ఉన్నట్టు కనిపించేది కాదు, అది వేరే సంగతి.

ఆ ఏడాది కణంలో ప్రొటీన్లు ఎలా తయారవుతాయో చెప్పాను. రైబోజోము, ఎంఆర్ఎన్ఏ, టీఆర్ఎన్ఏ అంటూ బోర్డు నిండా బాణాలు గీశాను. చివరికి ఏ బాణం ఎటు పోతోందో నాకే తెలియలేదు.

"అర్థమైందా?" అన్నాను.

"అయింది మేడం" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. తండా నుంచి వచ్చే ద్వాలి మాత్రం లేచి నిలబడింది.

"మేడం, గా రైబోజోము ఏం జేస్తదో చెప్పిండ్రు గానీ, ఎట్ల జేస్తదో సమజ్ కాలే. జర చేసి చూపెట్టుండ్రి."

"చేసి చూపెట్టడానికి అదేమన్నా పులుసా?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఇంటికెళ్లాక నాకు నవ్వు రాలేదు. నాకు పులుసు పెట్టడమూ రాదు.

అంతలో జిల్లా నుంచి తనిఖీకి ఒక అధికారి వస్తున్నారని తెలిసింది. "ఏదన్నా ప్రోగ్రాం పెట్టండమ్మా" అన్నారు ప్రిన్సిపాల్ గారు. ప్రొటీన్ తయారీనే ఆడి చూపిస్తామన్నాను.

కాలేజీ ముందు రెండు వేపచెట్ల మధ్య తాడు కట్టి, మైదా పేస్టుతో దాని పొడవునా అక్షరాల కాగితాలు అంటించాం. అదే ఎంఆర్ఎన్ఏ, అంటే ఏ ప్రొటీన్ చెయ్యాలో చెప్పే రాత. మూడక్షరాలు కలిస్తే ఒక మాట. ఒక్కో మాటకు ఒక్కో అమైనో ఆమ్లం. ఆమ్లాలకు బదులు మేం పూలు పెట్టుకున్నాం. పిల్లలేమో టీఆర్ఎన్ఏలు. ప్రతివాళ్ల మెడలో మూడక్షరాల అట్ట, చేతిలో ఒక పువ్వు. రైబోజోము తాడు వెంట నడుస్తూ మాట చదవాలి. దానికి జత కుదిరే అట్ట ఉన్నవాళ్లు వచ్చి పువ్విస్తే దండకు గుచ్చాలి. ఆ దండే ప్రొటీన్. చివర 'ఆగు' అనే మాట రాగానే దండ వదిలి, అధికారి మెడలో వేయాలి.

రైబోజోముకు రెండు భాగాలు. చదివేది చిన్నది, గుచ్చేది పెద్దది. పెద్ద భాగం ఎవరు వేస్తారని అడిగాను. అందరూ ఎంతో మర్యాదగా నా వైపు చూశారు. చిన్న భాగం వేయడానికి ఫిజిక్సు లెక్చరర్ చెంచురామయ్య గారు ఒప్పుకున్నారు. ఆయన బోర్డు మీద నిలువుగా గీసిన గీతలా ఉంటారు. ఇద్దరం పక్కపక్కన నిలబడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. నాటకం ఇంకా మొదలే కాలేదు.

ఆ రోజు అన్నీ బాగానే సాగాయి. "ఏ యు జి!" అని చెంచురామయ్య గారు అరవగానే లాల్‌సింగ్ గన్నేరు పువ్వుతో పరుగెత్తుకొచ్చాడు. గుచ్చాను. మూడక్షరాలు జరిగాం. ఈసారి బంతి. సూది వేలికి దిగుతున్నా నేను నవ్వుతూనే ఉన్నాను. ఇల్లందు అడవుల్లో ఇంత గొప్ప లెక్చరర్ ఎన్నడూ అడుగుపెట్టి ఉండదని కూడా అనుకున్నాను.

తాడు చివరికొచ్చాం. చెంచురామయ్య గారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు.

"చదవండి!" అన్నాను పళ్లు బిగించి.

"మాట లేదండీ ప్రమీలారాణి గారూ. మేక తినేసింది."

చెట్టు కింద మేక తీరిగ్గా నములుతోంది. ఎదురుగా అధికారి దండ కోసం మెడ వంచి నిలబడి ఉన్నారు. ఎమ్మెస్సీలో మాకు మేక గురించి ఎవరూ చెప్పలేదు.

"ఏందమ్మా, ఆగిండ్రు?" అన్నారాయన.

నేను నోరు తెరిచేలోపే ద్వాలి ముందుకొచ్చింది. "ఆగలే సార్, ఇరుక్కున్నరు. ఆగుమనే మాటొస్తేనే దండ వదులుతరు. గా మాట మేక తిన్నది. ముంగట సదవనీకి ఏం లేదు, ఇడిసిపెట్టనీకి హుకుం లేదు."

"గట్లనా! మరి మేక ఇంకింత ముందటి మాట తినుంటే?"

"గాడనే ఇరుక్కుందురు సార్. దండ గూడ పొట్టిగయితుండె."

అధికారి నవ్వి, నా చేతుల్లోంచి దండ తీసి ద్వాలి మెడలో వేశారు. పిల్లలందరూ ఈలలు వేశారు. ద్వాలికి అర్థమైనందుకు నాకు నిజంగానే సంతోషం కలిగింది. కానీ నేను వారాల తరబడి చెప్పలేనిది ఒక్క నిమిషంలో చెప్పిన ఆ మేక మీద కొంచెం అసూయ కూడా కలిగింది.

సాయంత్రం బస్సు కోసం చెంచురామయ్య గారూ నేనూ రోడ్డు మీద నిలబడ్డాం. ఆయన ఏదో ఆలోచిస్తున్నారు.

"ఆ తాడు మీద రాత ఎక్కణ్నుంచి వస్తుందండీ?"

"డీఎన్ఏ నుంచి నకలు తీస్తుందండీ, ఒక ఎంజైము" అన్నాను హుషారుగా.

"ఆ ఎంజైము దేనితో తయారైంది?"

"అదీ ప్రొటీనే."

"ప్రొటీన్ని చేసేది రైబోజోము కదా?"

"అవునండీ."

"రైబోజోముకు రాత కావాలి, రాతకు ఎంజైము కావాలి, ఎంజైముకు మళ్లీ రైబోజోము కావాలి. మరి మొట్టమొదట..."

అంతలో కొత్తగూడెం బస్సు వచ్చింది. నేను ఎక్కాల్సింది అది కాదు. అయినా ఎక్కేశాను.