చూపుకన్నం

క్వార్టరు తాళాలు అప్పగించే రోజు దగ్గర పడుతున్నకొద్దీ, రిటైరైన అప్పలసూరి కాలు ఒకచోట నిలవడం లేదు. సామానంతా కోహ్కాలో కట్టుకున్న ఇంటికి చేరిపోయింది. ఇక్కడ మిగిలినవి పొయ్యి, రెండు చాపలు, పెరట్లో దబ్బచెట్టు. పొయ్యీ చాపలూ బండెక్కుతాయి. చెట్టు ఎక్కదు.

పెళ్లయి భిలాయి వచ్చిన ఏడు అతని భార్య తులసమ్మ బొబ్బిలి నుంచి తెచ్చుకున్న కాయలోని గింజ అది. సెక్టార్లో ఏ తెలుగింటి కోడలికి వేవిళ్లొచ్చినా ఈ పెరటి గేటే చప్పుడయ్యేది. ఇకమీద ఈ క్వార్టర్లోకి రాబోయే ఉమేష్‌ది చరోదాలో స్థిరపడ్డ తెలుగు రైల్వే కుటుంబం. ఓసారి చూడ్డానికి వచ్చి, చెట్టు చూపించి, "అంకుల్, ఈ పేడ్ తీసేస్తే గాడీకి మస్తు జాగా," అన్నాడు. ఆనాటి నుంచి అప్పలసూరికి అన్నం సయించడం లేదు. మళ్లీ గింజ నాటితే, కాపుకొచ్చేసరికి తను ఉంటాడో ఉండడో. అంటు కట్టి పట్టుకుపోతే రెండు మూడేళ్లలో కాయ కళ్లజూడొచ్చు.

తొలకరి పడగానే మూడు కొమ్మలు చూసుకున్నాడు. వేలెడు మేర చుట్టూ బెరడు ఒలిచి, జిగురు పొర పోయేదాకా గీకి, కొబ్బరిపీచూ మట్టీ తడిపి ముద్దగా పెట్టి, పైన నల్ల ప్లాస్టిక్ చుట్టి, రెండు చివరలా పురికొసతో బిగించాడు. పని కుదిరింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

కానీ అతను స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి. కొలిమిలోకి గాలి పోయే గొట్టాల చివర చిన్న చూపుకన్నం ఉంటుంది. నీలి అద్దం అడ్డు పెట్టుకుని, లోపల ఎలా మండుతోందో అందులోంచి చూడాలి. ఉద్యోగమంతా ఆ కన్నాల వెంబడే తిరిగాడు. చూడకుండా వదిలేసిన కొలిమిని నమ్మడానికి లేదు. ఆ చేత్తోనే మూడు కట్లకీ బ్లేడుతో కిటికీలు కోసి, టేపు ముక్కలు మూతల్లా అంటించాడు. ఇప్పుడు షిఫ్టు లేదు, అయినా షిఫ్టు వేళకి మెలకువ వస్తుంది. పోయి మూత ఎత్తుతాడు, చూస్తాడు, మూస్తాడు. టీ తాగి మళ్లీ ఎత్తుతాడు.

"ఏటి మావా, ఫర్నేసేటి అది? గడేగడేకీ మూతెత్తుతావు?" అంది తులసమ్మ గుమ్మంలోంచి.

"ఏరొచ్చిందో నేదో తెలియొద్దేటి?"

"నాను ఇద్దర్ని కన్నాను. కడుపుకి కిటికీ ఎట్టి సూసేవేటి?"

అప్పలసూరి టేపు మూత మళ్లీ ఒత్తి అంటించాడు.

మొదటి కట్టులో మట్టి ఇటుకలా ఎండి, కొమ్మ ఆకు రాల్చేసింది. రెండోదాంట్లో చీమలు దూరి గుడ్లు పెట్టాయి. మూడోదాని కిటికీ మీద తులసమ్మ పాతచీర పేలిక చుట్టి ముడి మీద ముడి వేసింది. "దీని మీద సెయ్యేసేవంటే నీకు కూడు నేదు," అంది. ఇక అతను చెట్టు చుట్టూ తిరగడం మొదలెట్టాడు. కొమ్మని అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. ముడికి గోరు ఆనించి, వెనక్కి తీసేవాడు. వీధి చివరిదాకా పోయి, పనేమీ లేక తిరిగొచ్చేవాడు.

తాళాల రోజు పొద్దున రంపం తెచ్చాడు. ముడులు తులసమ్మే విప్పింది. మట్టి విడదీసి చూస్తే వేరు లేదు. గీకిన చోట పైఅంచున మాత్రం తెల్లగా, నూకలు అంటించినట్టు, ఏదో పొటమరించి ఉంది.

"సచ్చిందేటి?" అంది.

"నేదే. ఇప్పుడిప్పుడే పుడతంది. ఇంకొన్ని వారాలు గావాల."

రంపం గోడకి ఆనించాడు. ఇప్పుడు కోస్తే పుల్ల. కొయ్యకపోతే ఉమేష్ చెట్టు. మట్టి మళ్లీ తడిపి పెట్టి, కిటికీ లేని కొత్త ప్లాస్టిక్ చుట్టాడు. పేలిక తులసమ్మ కట్టింది.

ఉమేష్ మోటారుసైకిలు దిగి చెయ్యి చాచాడు. అప్పలసూరి తాళాలు పిడికిట్లోనే ఉంచుకున్నాడు. ఒకరిని ఏదైనా అడగడం అతనికి అలవాటు లేదు.

"గాడీ ఎప్పుడు కొంతన్నావు బాబూ?"

"దసరాకి, అంకుల్. షెడ్డు అంతకు పహలే వేయించేద్దామని. క్యోం?"

"దసరా ఎల్లేదాకా చెట్టు కొట్టించకు." కొమ్మకేసి చూపించాడు.

"ఆ కొమ్మకి ఏరొత్తే పట్టుకుపోవాలని ఈ మనిషి నిద్దర మానీసాడు నాయనా," అంది తులసమ్మ. "దబ్బచెట్టు ఇది."

"దబ్బకాయా? బడా నింబూ అనుకున్నా! మా నాన్నమ్మ ఊరగాయ పెట్టేది కదా." ఉమేష్ తల పైకెత్తి చెట్టుని కొత్తగా చూశాడు. "ఠీక్ హై. దసరా తర్వాత కూడా గాడీ బయటే పెడతా, మీరు కొమ్మ తీసుకెళ్లేదాకా. టెన్షన్ వద్దు అంకుల్, రోజూ విప్పి ఫోటో తీసి పంపిస్తా."

రోజూ! అప్పలసూరి జేబులో ఫోను తడుముకున్నాడు. కోహ్కాలో మంచం మీద కూర్చునే చూసుకోవచ్చు. 'సరే' అన్నమాట నాలుక చివరికి వచ్చేసింది. తులసమ్మ అతన్నే చూస్తోంది.

"ఒద్దు," అన్నాడు. "ఇప్పకు. రేపు నానే వొచ్చి అడిగినా ఇప్పనియ్యకు."

తాళాలు ఉమేష్ చేతిలో పెట్టేశాడు.

పొయ్యి అతని కాళ్ల దగ్గర సర్ది, చాపలు ఒళ్లో పెట్టుకుని తులసమ్మ స్కూటరెక్కింది. వీధి మలుపులో అప్పలసూరి బండి ఆపాడు.

"మళ్లీ ఏటి?"

"ఆ ముడి కాస్త ఒదులుగా..."

"నానేసిన ముడది. పోనీ."

బండి కదిలింది కానీ అతని కళ్లు రోడ్డు మీద లేవు. పక్క అద్దంలో పెరటి గోడ, గోడ మీంచి దబ్బకొమ్మ, దానికి ఎర్రపేలిక. తులసమ్మ ముందుకు వంగి, ఆ అద్దాన్ని తన వైపుకి తిప్పేసుకుంది.