బుజ్జమ్మ మోసే బరువు

"ఆరు బస్తాలు దించిన. నువ్వుంటివి గద, అయితయి" అన్నాడు భాస్కర్, తువ్వాలతో మెడ తుడుచుకుంటూ.

ధనలక్ష్మి అంట్లు తోముతూనే తలెత్తి చూసింది. వసారాలో గోడ పొడుగునా పల్లికాయ బస్తాలు. ఏటా రెండే ఉండేవి. పాన్‌గల్ చుట్టుపక్కల విత్తనం కాయను ఇంట్లో చేత్తోనే ఒలుస్తారు. మిషన్‌కు వేస్తే గింజ చీలుతుంది, చీలిన గింజ మొలవదు. అది ఆడవాళ్ల పని. మగవాళ్లు బస్తా దించుతారు, ఒలిచాక గింజను పొలానికి ఎత్తుకుపోతారు. ఆ రెండింటి మధ్య జరిగేది వాళ్ల కంటికి ఆనదు. ఈసారి భాస్కర్ తమ ఎకరానికి తోడు ఇంకో రెండెకరాలు కౌలుకు పట్టాడు. ఆ సంగతి తల్లి కిష్టమ్మకు చెప్పాడు, దోస్తు చెన్నయ్యకు చెప్పాడు. ధనలక్ష్మికి మాత్రం ఆ బస్తాలే చెప్పాయి.

"పదిహేను రోజుల్ల విత్తుతం. ట్రాక్టర్ గూడ మాట్లాడిన" అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ధనలక్ష్మి సమయం. ఆ ఇంట్లో ఆమెది అని చెప్పుకోదగ్గది అదొక్కటే. అత్త కునుకు తీస్తుంది, బర్రె నెమరేస్తుంటుంది, ధనలక్ష్మి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. పెళ్లైన కొత్తలో వనపర్తిలో ఒక చిన్న బడిలో పిల్లలకు కంప్యూటర్ నేర్పేది. ఆ బడి మూతపడ్డప్పుడు మూలన పడేయబోతున్న డబ్బాను అడిగి తెచ్చుకుంది. అందులో ఒక ఆట ఆడుతుంది. తుపాకులూ కత్తులూ లేని ఆట అది. ట్యాంకులు, ఇంజన్లు, జోడించే ముక్కలు ఇస్తారు. వాటితో అంతరిక్ష నౌక కట్టి పైకి పంపాలి. బరువు లెక్క తప్పితే కూలుతుంది. డిగ్రీలో బట్టీ పట్టి రాసిన ఫిజిక్సు ఆమెకు నిజంగా అర్థమైంది ఈ ఆటలోనే.

మూడేళ్ల కింద, ఏడు నెలలు కష్టపడి ఒక బరువులు మోసే నౌకను కట్టింది. దానికి తన తల్లి పేరు పెట్టింది, బుజ్జమ్మ అని. పుణెలో, బొంబాయిలో తట్ట నెత్తిన పెట్టుకుని కడుతున్న మేడలు ఎక్కి దిగిన మనిషి ఆమె. డిజైన్‌ను అందరూ వాడుకునేలా ఆటలోని జాబితాలో పెడితే, ఏయే దేశాలవాళ్లో రెండు వేల మందికి పైగా ఇప్పుడు బుజ్జమ్మనే నడుపుతున్నారు. బొంబాయి దాటి ఎక్కడికీ పోని బుజ్జమ్మ రోజూ చంద్రుడి దాకా పోయి వస్తోంది.

ఆ రోజు రెండింటికి కంప్యూటర్ తెరిస్తే ఆటకు కొత్త మార్పులు వచ్చి ఉన్నాయి. ఏ ముక్కను ఎంత మార్చారో వరసగా రాసి పెట్టారు. ట్యాంకుల బరువు అయిదో వంతు పెంచారు. ఇంజన్ల బలం కొంత తగ్గించారు. ఆట అందరికీ సమంగా ఉండాలని ఇలా చేశామన్నారు. మార్పుల తర్వాత ఎగరలేని డిజైన్లను పదిహేను రోజులు చూసి జాబితా నుంచి తీసేస్తామని చివర్లో ఒక ముక్క. ధనలక్ష్మి బుజ్జమ్మను లేపింది. మబ్బుల దాకా బాగానే పోయింది. అక్కడ ఒక్క క్షణం నిలబడి, వచ్చిన దారినే తోక కిందికి పెట్టి దిగజారింది.

సందేశాలు వచ్చి పడి ఉన్నాయి. మీ బుజ్జమ్మ పడిపోతోంది, ఎప్పుడు బాగుచేస్తారు? రేపటికి అవుతుందా? బాగుచేస్తారా అని ఒక్కరూ అడగలేదు. అందరూ ఎప్పుడు అనే అడిగారు. ఆట తయారుచేసినవాళ్లను కొందరు బండబూతులు తిడుతున్నారు, పాత బరువులే మళ్లీ పెట్టమంటున్నారు. ధనలక్ష్మికి కోపం రాలేదు. బరువులు మారితే మారాయి, లేపే దారి తాను కనుక్కుంటుంది. ఆ మాత్రం నమ్మకం ఆమెకు ఉంది.

వారం రోజులు పొద్దున్నుంచి కాయ ఒలిచింది. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుంది. రెండు గంటల్లో ఒక గంటను కాయకు ఇచ్చి, మిగిలిన గంటలో బుజ్జమ్మకు ఇంజన్లు తగిలించింది. నాలుగు ఉండేవి అయిదు చేసింది, ఆరు చేసింది. పడుతూనే ఉంది.

"గా డబ్బల రాకెట్ లేస్తే మన బోర్ల నీళ్లొస్తయా పిల్లా?" అంది కిష్టమ్మ మంచం మీంచే.

"రావత్తా. బర్రె గూడ పాలు ఎక్కువియ్యది."

"మరెందుకు లేపుతవే?"

"పడ్డది గదా, అందుకు."

కిష్టమ్మ అటు తిరిగి పడుకుంది. నవ్విందో లేదో కనబడలేదు.

ఎనిమిదో రోజుకు రెండు బస్తాలు అయిపోయాయి. ఆఖరి కాయలు ఒలుస్తుంటే ధనలక్ష్మికి తాను చేస్తున్న తప్పు తట్టింది. ఇంజన్ పెంచితే అది ఎక్కువ ఇంధనం తాగుతుంది. ఇంధనం పెంచితే ట్యాంకు కావాలి. ట్యాంకే బరువెక్కింది, దాన్ని మోయడానికి మళ్లీ ఇంజన్ కావాలి. దీనికి అంతు లేదు. ఇది తనకు కొత్త సంగతేం కాదు. బడి మూతపడ్డప్పుడు భాస్కర్, "ఇంట్లనే ఉంటున్నవ్ గద, బర్రెను గూడ జర చూస్కో" అన్నాడు. ఆరింటికి లేచేది ఐదింటికి లేచింది. మామ మంచాన పడ్డప్పుడు ఆడబిడ్డ వచ్చి, "నీ చేతుల మీద అయితేనే నాయినకు మంచిగుంటది వదినా" అని పొగిడి, మర్నాడే బస్సెక్కింది. ఐదింటికి లేచేది నాలుగున్నరకు లేచింది. ఒక్కొక్క మాటా ఒక్కొక్క ట్యాంకు. ప్రతిసారీ తానే ఒక ఇంజన్ తగిలించుకుంది. లేస్తూనే ఉంది కాబట్టి ఎవరూ బరువు చూడలేదు. చూడమని తానూ అడగలేదు.

రెండింటికి పోయి కూర్చుంది. కొత్త ఇంజన్లు ఊడదీసింది. బుజ్జమ్మలోని ముక్కలు ఒక్కొక్కటీ ముట్టుకుని, ఇది ఎవరి కోసం అని అడుగుతూ వచ్చింది. పక్కన రెండు పెద్ద ట్యాంకులున్నాయి. అవి బుజ్జమ్మ కోసం కావు. దారిలో ఎవరికైనా ఇంధనం అయిపోతే ఇద్దామని మూడేళ్ల కింద తానే పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు. వాటిని తీసేసి మీట నొక్కింది. బుజ్జమ్మ మబ్బులు దాటింది, నీలం దాటింది, నలుపులోకి పోయింది.

జాబితాలో కొత్త డిజైన్ పెట్టి కింద రాసింది: పక్క ట్యాంకులు తీసేశాను, ఎవరి ఇంధనం వాళ్లు తెచ్చుకోవాలి.

అలాగే లేచి వసారాలోకి వచ్చి, మిగిలిన నాలుగు బస్తాల్లో రెండు కిష్టమ్మ మంచం పక్కకు, రెండు భాస్కర్ కూర్చునే అరుగు దగ్గరకు ఈడ్చింది. భాస్కర్ చాయ్ గ్లాసు పట్టుకుని చూస్తున్నాడు.

"గివేంది?"

"నీయి రెండు. అత్తయి రెండు. నాయి అయిపోయినయి."

"మగోళ్లు కాయ ఒలుసుడు ఎక్కడన్న చూసినవా? ఇన్నేండ్లు చేస్తివి గద, గిప్పుడేమైంది?"

"ఇన్నేండ్లు ఎకరమే ఉండె. కౌలుకు పట్టంగ చెన్నయ్యన్ననడిగినవ్, ట్రాక్టరాయన్నడిగినవ్. ఒలిచేదాన్నే అడగకపోతివి. గా రాకెట్ ఆట చేసినోళ్లు నా మొఖం గూడ చూసినోళ్లు గాదు. వాళ్లు గూడ ఏం మార్చిన్రో నాకు రాసి పెట్టిన్రు."

భాస్కర్ తల్లి వైపు చూశాడు. కిష్టమ్మ బస్తా మూతి విప్పుతోంది.

"నన్నేం చూస్తవ్ర?" అంది. "నలభై ఏండ్లు ఒలిచిన. నీకు రెండే చాలే అని ఒక్కరన్న అనలే. గీ పిల్ల అన్నది."

మర్నాడు భాస్కర్ తన రెండు బస్తాలనూ ఆటోలో వేసుకుని మిషన్‌కు తీసుకుపోయాడు. అది కొత్త మిషన్ అట, గింజకు దెబ్బ తగలదట. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. సంచిలో చెయ్యి పెడితే సగానికి సగం బద్దలే, ఎర్ర తోలు పొట్టుపొట్టుగా వేళ్లకు అంటింది.

"చట్నీకి పనికొస్తయి తియ్" అంది కిష్టమ్మ. "మూడూర్లకు సరిపోను."

చెన్నయ్య దగ్గర ఇంకో రెండు బస్తాలు అడిగి తెచ్చాడు. ట్రాక్టర్ వచ్చేది ఇంకో అయిదు రోజుల్లో. మరునాడు మధ్యాహ్నం రెండింటికి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో గుప్పెడు కాయలు. ధనలక్ష్మి కంప్యూటర్ ముందు ఉంది.

"రోజూ గీ రెండు గంటలు ఇటు చెయ్యేసినా పని ముందలబడ్తది ధనా. అదును పోతది."

లేద్దామని కాళ్లు కదిలాయి. పదమూడేళ్ల అలవాటు, ఆయన గొంతు వినగానే ముందు కాళ్లకే తెలుస్తుంది. ధనలక్ష్మి వాటిని కుర్చీ కింద ఒకదాని మీద ఒకటి వేసుకుంది.

"నాలుగింటి దాంక నేను లేవ. ఆడనే కూసో" అంది, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "కాయ ముక్కు దిక్కు బొటనవేలు పెట్టు. పెట్టినవా?"

 గడప మీద కూలబడ్డ బరువు వినిపించింది.

"పెట్టిన."

"నెమ్మదిగ ఒత్తు."

కాయ పగిలింది.

"గింజ పగిలిందా?"

"లేదు."

"ఇంకోటి తీయి."