కీచుమనని బండి

అతనిది లిఫ్టులు బాగుచేసే పని. పొద్దస్తమానం మేడల నడుమ చీకటి గూట్లో ఒక్కడే వేలాడుతుంటాడు గనుక మాట్లాడే అవసరం పెద్దగా రాదు. వచ్చినా మాట్లాడడు. పనిచోట అందరూ మౌని అంటారు. మొహం మీదే అంటారు. అతనేమీ అనడని తెలుసు.

అతనికంటూ ఉన్నవి ఒక పాత చిన్న కారు, ఒక అక్క.

ఊరి బయట రేసుల ట్రాక్ ఉంది. నెలకో ఆదివారం అక్కడ ఎవరి బండి వాళ్ళు తెచ్చుకుని తోలుకోవచ్చు. గెలవడాలూ ఓడడాలూ ఏమీ లేవు, ఎవరి సరదా వాళ్ళది. మలుపు మీదికి దూసుకొచ్చి ఆఖరి క్షణంలో బ్రేకు తొక్కితే బండి ముక్కు నేలకు వంగుతుంది చూడండి, ఆ ఒక్క నిమిషం మౌనికి కడుపు నిండిపోతుంది. దానికోసమే ట్రాక్ మీద వాడే బ్రేకు ప్యాడ్లు కొన్నాడు. అవి బాగా కాలితేగాని పట్టుకోని రకం. ఆదివారం బిగించి, ఇంటికొచ్చాక తీసేసి మామూలువి వేసుకోవాలి. మొదట్లో అలాగే చేసేవాడు. తర్వాత బద్ధకించి వాటినే ఉంచేశాడు. చల్లగా ఉన్నప్పుడు అవి పెట్టే కీచుకు వీధి చివరి కుక్క కూడా లేచి కూర్చునేది.

బావ పోయాక అక్క ఒక్కతే ఉంటోంది. బట్టలు కుడుతుంది. సోమవారం సోమవారం కుట్టిన బట్టల మూట బజారు కొట్లో ఇచ్చి రావాలి. మూటనూ ఆవిడనూ తీసుకెళ్ళేది తమ్ముడే. ఆవిడ మిషను వెనకగదిలో ఉంటుంది, అక్కడికి గేటు కనపడదు. మౌని హారన్ కొట్టడు, దిగి పిలవడు. గేటు ముందు బండి కీచుమంటుంది, అక్క మూట చంకనేసుకుని వస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే వరస. దీన్ని గురించి ఇద్దరూ ఆలోచించిన పాపాన పోలేదు.

ఒక సోమవారం చిరుజల్లు పడుతోంది. అక్క ఇంటి నుంచి రోడ్డు పల్లానికి దిగి నాలుగు రోడ్ల దగ్గర కలుస్తుంది. ఎర్రదీపం పడింది. మౌని బ్రేకు తొక్కాడు. పెడల్ కాలికింద రాయిలా నిలబడింది, బండి మాత్రం తన మానాన తాను పోయింది. గీత దాటి, మనుషులు నడిచే చారల మధ్యకెళ్ళి ఆగింది. అదృష్టం, అప్పుడెవరూ దాటడం లేదు. అక్క కళ్ళజోడు ఎగిరి కాళ్ళ దగ్గర పడింది. మూట విడిపోయి బట్టలన్నీ కిందకు జారాయి.

"ఎందుకురా ఆగలేదు?"

ప్యాడ్లు వేడెక్కలేదక్కా, మార్చకపోవడం నా తప్పే, అనాలి. గొంతుదాకా వచ్చింది.

"తడి," అన్నాడు.

అక్క అతని మొహంలోకి చూసింది. బట్టలన్నీ ఏరి మూట కట్టుకుంది. "నేను బస్సులో పోతాలే," అని దిగిపోయింది.

మర్నాడే విడిభాగాల కొట్టుకు వెళ్ళాడు.

"రావయ్యా మౌనీ! అప్పుడే అరగ్గొట్టేశావా?" అన్నాడు కొట్టాయన.

"రోడ్డుకీ ట్రాక్‌కీ కలిపి ఒకటే కావాలి."

"అమ్మో, నిండు వాక్యం! ఇవాళ వాన తప్పదు." కొట్టాయన మూడు పెట్టెలు బల్ల మీద పరిచాడు. "పరుగు పందేనికీ పడుకోవడానికీ ఒకటే చొక్కా అడుగుతున్నావు. ఇది మామూలుది. పొద్దున్నే పట్టేస్తుంది, కిక్కురుమనదు. ట్రాక్ మీద నాలుగు చుట్లు కొట్టావో, చేతులెత్తేస్తుంది. ఇది నీ పాతదే, దీని సంగతి నీకు తెలుసు. ఈ మధ్యది రెండిటికీ పనికొస్తుంది, కాకపోతే ట్రాక్ మీద కొంచెం తగ్గాలి. రెండు చుట్లు వేగంగా పోయి ఒక చుట్టు మెల్లగా చల్లార్చుకోవాలి. ఈలోగా కుర్రాళ్ళు చెయ్యూపుకుంటూ దాటిపోతారు. ఓర్చుకుంటావా?"

మౌని తన పాత రకం పెట్టె మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు.

"పోనీ, ఇది చెప్పు. పక్కసీట్లో ఎవరు కూర్చుంటారు?"

"అక్క." వెంటనే దిద్దుకుని, "కూర్చునేది," అన్నాడు.

కొట్టాయన ఇక వేళాకోళం ఆడలేదు. మధ్య పెట్టె ముందుకు తోసి, మిగతావి అరలో పెట్టేశాడు.

ఆ సాయంత్రమే మౌని వాటిని బిగించి ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. వేగం పెంచడం, గట్టిగా తొక్కి పూర్తిగా ఆగకముందే వదిలేయడం, కొత్త ప్యాడ్లు చక్రం డిస్కుకు అలవాటు పడేదాకా అదే పని. మర్నాడు పొద్దున్నే చల్లటి బండితో అక్క ఇంటి పల్లం దిగాడు. గీతకు బారెడు ముందే ఆగింది. చప్పుడన్నది లేదు.

సోమవారం గేటు ముందు మెల్లగా ఆపి కూర్చున్నాడు. అక్క రాలేదు. మిషను కటకట వినపడుతూనే ఉంది. చాలాసేపటికి ఆగింది. ఇక వస్తుందనుకున్నాడు. మళ్ళీ కటకట మొదలైంది. కోపం తగ్గలేదు కాబోలని వెళ్ళిపోయాడు. ఫోన్ చేయొచ్చు. చేస్తే ఏదో ఒకటి మాట్లాడాలి.

పై సోమవారమూ అంతే. మధ్యలో ఆదివారం ట్రాక్‌కు వెళ్ళాడు. రెండు చుట్లకొకసారి తగ్గి, పక్కకు తప్పుకుని, అందరికీ దారిచ్చాడు. ఎవరికోసం తగ్గుతున్నాడో ఆవిడ మాత్రం బండెక్కడం లేదు.

ఆ తర్వాతి సోమవారం గేటు ముందు కూర్చుని కూర్చుని, బండి తిప్పుకుని పల్లం దిగుతుంటే మనసు ఒప్పలేదు. బస్టాపు పక్కన ఆపి అక్కడే ఉండిపోయాడు. కాస్సేపటికి అక్క మూట మోసుకుంటూ వచ్చింది. బండిని చూసి ఆగింది.

"ఏరా, బతికే ఉన్నావా? అంత మాటేమన్నానని రావడం మానేశావు?"

"వచ్చాను."

"ఎప్పుడు?"

"ప్రతి వారం. గేటు దగ్గరే ఉన్నా."

"అబద్ధాలాడకు. మిషను ఆపి మరీ చెవులు రిక్కించుకుని కూర్చున్నా. నీ బండి గోల వినపడితేగా!"

మౌని స్టీరింగు వైపు చూశాడు. "ప్యాడ్లు మార్చాను. ఇవి అరవవు." తర్వాత, "ఆ రోజు తడి కాదక్కా. తప్పు నాదే," అన్నాడు.

"తెలుసులే. నీ మొహం నాకు తెలీదా?" అని తలుపు తీసుకుని ఎక్కింది. "మరి వచ్చే వారం వచ్చావని నాకెలా తెలుస్తుంది?"

"పిలుస్తాను."

"నువ్వా!" అక్క పగలబడి నవ్వింది. నాలుగు రోడ్ల దగ్గర బండి మెత్తగా ఆగింది. ఆవిడ నవ్వుతూనే ఉంది గానీ ఒక చెయ్యి మాత్రం ముందున్న డాష్‌బోర్డును గట్టిగా పట్టుకునే ఉంది. దీపం మారాక కూడా తీయలేదు. మౌని చూసి, చూడనట్టు ఊరుకున్నాడు.

ఆదివారం సాయంత్రం అతను తన గదిలో మంచం పక్కన నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"అక్కా."

తనకే సరిగా వినపడలేదు. రేపు ఈ పిలుపు గేటు నుంచి వెనకగదికి, అందులోనూ మిషను చప్పుడు దాటి పోవాలి.

"అక్కా!"

"ఎవరండీ? ఎవరొచ్చారు?" గోడ అవతల నుంచి పొరుగావిడ అడిగింది. ఇన్నేళ్ళలో ఆ గదిలోంచి ఒక మాట ఆవిడ చెవిన పడడం అదే మొదలు.

ఎవరూ రాలేదని చెప్పాలి. అది చెప్పలేక, ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ గొంతు సవరించుకున్నాడు.