పక్కింటికి చెప్పని మాట

పెంచిన పిల్లి పక్కింటి గుమ్మంలో పడుకుంటోందని ఎవరైనా బాధపడితే మనం నవ్వుతాం. అందుకే రూతమ్మ ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు. అనకాపల్లి గవరపాలెంలో జాకెట్లు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి ఆమె. వానలో తడిసి వచ్చిన ఆడ కూనకి దూదితో పాలు పట్టి, చుక్కి అని పేరు పెట్టి పెంచింది. రెండేళ్లు ఆమె కుట్టుమిషను కిందే పడుకున్న చుక్కి, పక్క వాటాలోకి కాసులమ్మ దిగిన నెలకే అటు మారిపోయింది.

కాసులమ్మ రాంబిల్లి నుంచి చేపలు తెచ్చి అమ్ముతుంది. ఆమె గంప దింపితే చాలు, చుక్కి తోక నిలబెట్టుకుని ఎదురు వెళ్లేది. రూతమ్మ పాలన్నం కలిపి పిలిచినా తిరిగి చూసేది కాదు. చేపతలలు చూపించి తన పిల్లిని లాక్కుందని రూతమ్మ లోలోపల పళ్లు నూరేది. 2007 వానాకాలంలో చుక్కి కాసులమ్మ మంచం కిందే మూడు పిల్లల్ని పెట్టింది. ఆ రోజు రూతమ్మకు అన్నం సయించలేదు.

రెండు నెలలయ్యాక కాసులమ్మే ఒక కూనని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది.

"ఉంచుకో రూతక్కా, నీకూ తోడుంటాది."

తన పిల్లి పిల్లని తనకే దానం చేసినట్టు! రూతమ్మ పుచ్చుకుంది గాని, ఆ మాట గుండెలో గుచ్చుకునే ఉండిపోయింది.

మూడు వారాలకి ఆ కూనకి జబ్బు చేసింది. పసరు వాంతులు, నీళ్ల విరేచనాలు. నీళ్ల గిన్నె మీదికి తల వాల్చి కూర్చుంటుంది గాని గుటక వెయ్యదు. రూతమ్మ దాన్ని సంచిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పరుగెత్తింది.

డాక్టరు వరదానం కూనని పరీక్షించి, సెలైను ఎక్కిస్తూ చెప్పాడు. "ఇది వైరస్ జబ్బమ్మా. పాన్‌ల్యూకోపీనియా అంటారు. రోగంతో పోరాడే తెల్లకణాలు పడిపోతాయి. వైరస్‌ని చంపే మందు మా దగ్గర లేదు. ఒంట్లో నీరు తగ్గకుండా చూసి, వాంతులు ఆపి, వేరే క్రిములు సోకకుండా ఇంజక్షన్లు ఇస్తాం. నాలుగైదు రోజులు గట్టెక్కితే బతకొచ్చు. వెచ్చగా ఉంచండి."

"మనుసులకి అంటుతాదా బాబూ?"

"అంటదు. పిల్లులకి మాత్రం మలంతో, గిన్నెలతో, మన చేతులతో, చెప్పులతో కూడా పాకుతుంది. నేల బ్లీచింగు నీళ్లతో కడగండి. దీని తల్లీ, తోడబుట్టినవీ ఎక్కడున్నాయి? వాటిని వెంటనే చూడాలి."

రూతమ్మ కళ్ల ముందు కాసులమ్మ మంచం మెదిలింది. దాని కింద చుక్కి, చుక్కిని అంటుకుని రెండు కూనలు.

"తెలీదు బాబూ" అంది.

దారి పొడుగునా ఆ అబద్ధం ఆమెతోనే నడిచింది. చెబితే కాసులమ్మ కూనలూ బతుకుతాయి, చుక్కి ఎప్పటికీ అక్కడే ఉండిపోతుంది. ఇంత విడమరిచి ఆమె అనుకోలేదు. రేపు చెబుదాంలే అనుకుంది, అంతే. రోజూ కూనని ఆసుపత్రికి తీసుకెళ్లి సూది వేయించుకొచ్చింది, రోజూ కాసులమ్మ గుమ్మం దాటి వెళ్లిపోయింది.

అయిదో రోజు పొద్దున్న కూన గంజి నాకింది. అప్పుడే చుక్కి లోపలికొచ్చి కుట్టుమిషను కింద ముడుచుకుంది. రూతమ్మకి ప్రాణం లేచొచ్చింది. "ఇల్లు గేపకమొచ్చిందేటే నీకు?" అంటూ దాని వీపు నిమిరింది. అది ఎందుకు వచ్చిందో ఆలోచించనే లేదు.

కాసేపటికి వీధిలో కేకలు వినిపించాయి. కాసులమ్మ కూనలు రెండూ రెండు రోజులుగా వాంతులు చేసుకుంటున్నాయి. ఆమెకి తెలిసిన వైద్యంగా పసుపునీళ్లు పట్టింది. ఒకటి చచ్చిపోయింది. ఎదురింట్లో ఉండే పరదేశి అనేవాడు, బెల్లం మార్కెట్లో మూటలు మోసే కళాసీ, కిందటి వారం ఎలకల మందు కొన్నాడన్న సంగతి ఆమెకి తెలుసు. అతని చొక్కా పట్టుకుంది.

"మందెట్టి నా పిల్లల్ని సంపేసినావురా!"

"నీ మీదొట్టు అప్పా, నాను అటక మీదెట్టేను!"

వినేవాళ్లెవరు? జనం మూగారు. పరదేశి చెంప మీద ఎవరో కొట్టారు. నోరు మెదపకపోతే రూతమ్మ సంగతి ఎవరికీ తెలియదు. గుమ్మం పట్టుకుని నిలబడిన ఆమె, ఆ చెంపదెబ్బ చప్పుడుకి వీధిలోకి దిగింది.

"ఆడ్ని ఒగ్గేయ్ కాసులూ. మందు కాదు, జబ్బు. అయిదు రోజుల కిందటే డాక్టరు బాబు సెప్పేరు. నాను నీకు సెప్పలేదు."

"ఏటీ? ఎందుకు సెప్పలేదు?"

"సుక్కి నీ కాడికి వచ్చీసిందని... కుళ్లు."

కాసులమ్మ చేతులు చొక్కా మీంచి జారిపోయాయి. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది రూతమ్మకి.

ఇద్దరూ రెండో కూనని గంపలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లారు. వరదానం చెయ్యగలిగిందంతా చేశాడు. మూడో రోజున అది కూడా పోయింది. "రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే..." అని ఆగిపోయాడు. చుక్కి పెద్దది గనక తట్టుకుంది, రూతమ్మ దగ్గరి కూన గట్టెక్కింది.

కాసులమ్మ మాట్లాడటం మానేసింది. రూతమ్మ ఎవరూ అడగకుండానే రెండు వాటాల వసారాలూ బ్లీచింగు నీళ్లతో కడిగింది. పరదేశి ఇంటికెళ్లి తప్పు ఒప్పుకుంది. తర్వాత వీధిలో పిల్లి ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లి, జబ్బు ఆనవాళ్లు చెప్పింది, టీకా వేయించమంది. తెలిసీ ఎందుకు దాచావని అడిగిన చోటల్లా ఆ సిగ్గుమాలిన కారణం మళ్లీ చెప్పింది.

ఒక ఆదివారం వరదానం విశాఖపట్నం నుంచి ఐసుపెట్టెలో టీకాలు తెప్పించాడు. వీధివాళ్లు పదకొండు పిల్లుల్ని ఆసుపత్రికి తెచ్చారు. అందరికన్నా ఆఖర్న కాసులమ్మ చుక్కిని ఎత్తుకొచ్చింది. సూది చూసి అది గింజుకుంది.

"పట్టుకో అక్కా" అంది కాసులమ్మ, ముఖం పక్కకి తిప్పుకునే. రూతమ్మ రెండు చేతులతో పట్టుకుంది.

సూది వేశాక డాక్టరు, "మీరే ఒక మాట చెప్పండమ్మా వీళ్లకి" అన్నాడు. రూతమ్మ చుక్కిని పట్టుకునే వాళ్ల వైపు తిరిగింది.

"నాకు తెలిసిన మాట పక్కింటికి సెప్పనందుకు రెండు పానాలు పోయేయి, తప్పు సెయ్యనోడు దెబ్బ తిన్నాడు. మనసులో ఎంత కోపమున్నా సరే, మీ ఇంట్లో జబ్బు కనబడితే ముందెళ్లి పక్కింటి తలుపు కొట్టండి."