ఇంకా కాని మందు

మా అమ్మ నర్సమ్మ మొండి మనిషి. ఆ మొండితనం నాకూ వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే వనపర్తి కాలేజీలో నా పరిశోధన ఎప్పుడో అటకెక్కేది.

నేను చేసే పని చెప్పడానికి తేలికే. రంగు లేని సిల్వర్ నైట్రేట్ నీళ్లలో తంగేడాకు కషాయం పోస్తే, ఆకులోని గుణం ఆ నీళ్లలోని వెండిని కంటికి కనిపించనంత చిన్న కణాలుగా మారుస్తుంది. వాటినే నానో కణాలంటారు. కాసేపటికి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. పుండ్లలో పెరిగే సూక్ష్మజీవుల మీద ఆ కణాలు వేసి చూశాం. గాజు పళ్లెంలో చుక్క పడ్డ చోటల్లా సూక్ష్మజీవులు చచ్చి గుండ్రంగా ఖాళీ అయింది. నాకు పరిశోధన నేర్పే మాలతి మేడం పొగడ్తల విషయంలో పరమ పిసినారి. ఆవిడే బాగుందన్నారు.

ఆ పళ్లెం ఫొటో తీసి అమ్మకు చూపించాను. చిక్కంతా అక్కడే మొదలైంది.

అమ్మకు షుగరు. పత్తి చేనులో ఏదో గుచ్చుకుని కుడికాలి బొటనవేలి కింద పుండు పడింది, ఎంతకీ మానదు. ఊళ్లో ఆటో ఎక్కితే నాగర్‌కర్నూల్ దవాఖాన. అయినా పోదు. పక్కింటి లలితమ్మ ఇలాంటి పుండుతోనే అక్కడికి పోతే వేలు తీసేశారు, అదీ భయం. భయమని ఒప్పుకుంటే మా అమ్మ ఎందుకవుతుంది?

"నా బిడ్డనే మందు చేస్తుంటె, గా కత్తులకాడికి నేనెందుకు పోత?" అని వాడంతా చెప్పుకుంది.

అరిచాను, అలిగాను, అన్నం మానేస్తానని బెదిరించాను. మానేస్తే నువ్వే చిక్కిపోతావని జవాబిచ్చింది. ఈలోగా కట్టు విప్పితే వాసన మొదలైంది. ఇంకా ఆలస్యమైతే పోయేది వేలు కాదు, పాదం.

ఆ సోమవారం వనపర్తికి బయలుదేరుతూ, చేను గట్టు మీది తంగేడాకు కోసి పెట్టమన్నాను. తీరా బస్సు వేళకు అమ్మ ఒక స్టీలు డబ్బా చేతిలో పెట్టింది. ఆకంతా రోట్లో మెత్తగా నూరేసింది, నాకు పని తప్పుతుందని. విసుక్కుంటూనే పట్టుకుపోయాను. నూరిందైనా మరిగించి వడగడితే కషాయమే కదా అనుకున్నాను.

ఆ కషాయం పడగానే వెండి నీళ్లు మజ్జిగలా తెల్లబడ్డాయి. మేడం కళ్లద్దాల పైనుంచి నా వైపు చూశారు. నేనేమీ కంగారు పడలేదు. తెల్లబడితే ఉప్పు తగిలి వెండి పాడైనట్టేనని డిగ్రీ పిల్లలకు చెప్పేది నేనే. అమ్మకు ఫోన్ చేశాను. అవును, నూరేటప్పుడు దొడ్డు ఉప్పు వేశానంది, వేయకపోతే ఆకు ఎలా నలుగుతుందని నన్నే ఎదురడిగింది. మా ఇంట్లో పచ్చడైనా పసరైనా ఉప్పు పడకుండా రోలు కదలదు. ఫోన్ పెట్టేసి పడీపడీ నవ్వాను. అంతలో ఒక ఆలోచన తట్టి నవ్వు ఆగిపోయింది.

ఆదివారం మేడం అనుమతి తీసుకుని అమ్మను ల్యాబుకు తీసుకొచ్చాను. కుంటుతూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఆమె ముందు రెండు గాజు గొట్టాల్లో వెండి నీళ్లు పెట్టాను. ఒకదాంట్లో ఉత్త ఆకు కషాయం పోశాను, రెండోదాంట్లో ఉప్పేసి నూరిన ఆకుది. రెండోది వెంటనే తెల్లబడింది. మొదటిది నెమ్మదిగా టీ రంగుకు తిరిగింది.

"వేలు తెగితే నోట్ల పెట్టుకుంటవు గదా. నెత్తురు ఎట్లుంటదమ్మా?" అన్నాను.

"ఉప్పగుంటది."

"నీ పుండుల గూడ అదే ఉప్పున్నది. గాజు పళ్లెం వేరు, మనిషి ఒళ్లు వేరు. నీ కాలుల నా వెండి ఏం జేస్తదో నాకింక తెల్వదు."

"అంటె నీ మందు ఉట్టిదేనా?"

వాడంతా నా పేరు చెప్పుకుని తిరిగే మనిషి అడిగిన మాట అది. అయినా నా పని మీద నాకు నమ్మకముంది, దాన్ని కాపాడుకోవాలంటే అబద్ధం చెప్పకూడదు.

"ఉట్టిది కాదు. ఇంక కాలే. అయితది, నేనే చేస్త. నీ కాలు మాత్రం అంతదాక ఆగదు."

అమ్మ తెల్లబడ్డ గొట్టాన్ని చేతిలోకి తీసుకుని ఊపి చూసింది. తర్వాత నాగర్‌కర్నూల్ బస్సు ఎప్పుడుందని అడిగింది.

మర్నాడు పొద్దున్నే దవాఖానలో డాక్టరు కట్టు విప్పి, నొక్కి చూసి, ఎక్స్‌రే తీయించాడు. ఎముక దాకా పోలేదు, వేలు నిలుస్తుంది, కానీ చెప్పినన్నాళ్లూ వచ్చి కట్టు మార్పించుకోవాలన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని గద్దించేసరికి అమ్మ నా వైపు చెయ్యి చూపించింది.

"నా బిడ్డ మందు చేస్తుంది సారు. దాని కోసమే ఆగిన."

డాక్టరు నన్ను ఎగాదిగా చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మ మాట ఇంకా అయిపోలేదు.

"ఇంక కాలేదని ఆమెనే చెప్పింది. తను చేసే మందును తనే కాలేదన్నదంటె, అయిందని చెప్పిననాడు కండ్లు మూసుకుని నమ్మొచ్చు. అందాక మీరే చూడుండ్రి."

కాలు తనే ఎత్తి బల్ల మీద పెట్టింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.